పురుగు అత్తగారి బియ్యంతోనే వచ్చిందా?

విజయవాడ నుంచి ఒక గృహిణి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఉగాదికి ముందు అత్తగారు ఊరి నుంచి పాతిక కిలోల బస్తాలు నాలుగు పంపారు. సొంత పొలంలో పండి, ఊళ్లో మిల్లులో సింగిల్ పాలిష్ పట్టించిన బియ్యం. రెండున్నర బస్తాలు అయిపోయాయి. సగం బస్తా డ్రమ్ములో ఉంది, మరొకటి కుట్టు విప్పకుండా అటక మీద ఉంది. జులై మధ్య నుంచి పొద్దు గూకితే చాలు, వంటింటి ట్యూబ్‌లైట్ చుట్టూ బూడిద రంగు రెక్కల పురుగులు. డ్రమ్ములో పైపైన బియ్యం దారాలు పట్టి ఉండలు కట్టింది. జూన్‌లో సూపర్ మార్కెట్లో కొన్న బొంబాయి రవ్వ కూడా అంతే. బాదం, కిస్మిస్ పెట్టిన డబ్బా మూత లోపల దారాల బూజు. సీలింగ్ మూలల్లో పాకే తెల్ల పురుగులు. బాత్‌రూం గోడ మీద సిమెంటు పెచ్చుల్లాంటి గూళ్లు, వాటిలోంచి తల బయటపెట్టే పురుగు.

ఆరేళ్ల బాబు ఉప్మా సగం తిన్నాక ప్లేటులో పురుగు కనిపించిందట, అప్పటి నుంచి ఆ భయం. ఆన్‌లైన్‌లో తెప్పించిన జిగురు ట్రాప్ డ్రమ్ము పక్కన మూడు వారాలు పెట్టినా ఒక్క పురుగూ పడలేదు. పక్క ఫ్లాట్ ఆవిడ బియ్యంలో మందు బిళ్లలు పెట్టమంటున్నారు. పెస్ట్ కంట్రోల్ అబ్బాయి వంటిల్లంతా మందు కొడతానంటున్నాడు. ‘మా ఇంట్లో ఏనాడూ పురుగు లేదు, నీ వంటింట్లోనే శుభ్రం లేదు’ అని అత్తగారి మాట. ఆ బియ్యంతోనే వచ్చిందని ఈమె అనుమానం. భర్త ఎటూ మాట్లాడరు. ‘పారేస్తే గొడవ, ఉంచితే పురుగు. ఏం చేయమంటారు?’ అని ఉత్తరం ముగించారు.

అమ్మా, మీరు ఇంట్లో కనిపించిన ప్రతి పురుగునీ ఒకే ఖాతాలో వేశారు. చిక్కంతా అక్కడే ఉంది. మీ వర్ణన చూస్తే తక్కువలో తక్కువ మూడు రకాలున్నాయి. డ్రమ్ములోది ఒకటి, డ్రై ఫ్రూట్స్ డబ్బాలోది ఇంకొకటి, బాత్‌రూం గోడ మీదది అసలు తిండి జోలికే రానిది. ఏది ఏదో తేలకుండా బియ్యం పారేసినా, మందు కొట్టించినా, అత్తగారితో మాటా మాటా అనుకున్నా పని జరగదు.

ముందు పురుగును సరిగ్గా చూడండి. ఎగిరేదాన్ని చీపురుతో కొడితే రెక్కల మీది పొడి రాలిపోయి గుర్తులు చెరిగిపోతాయి. గోడ మీద వాలినప్పుడు దాని మీద చిన్న గాజు సీసా బోర్లించి, కింద నుంచి అట్టముక్క దోపి మూత పెట్టండి. ఆ సీసా రెండు మూడు గంటలు ఫ్రీజర్లో ఉంచితే చచ్చిపోతుంది, రెక్కలు చెడవు. తెల్ల కాగితం మీద స్కేలు పక్కన పెట్టి, ఫోన్ కెమెరాను జూమ్ చేసి ఫోటో తీయండి. డ్రమ్ము దగ్గర రెండు, డ్రై ఫ్రూట్స్ డబ్బా దగ్గర రెండు పట్టుకోండి. వేరువేరు సీసాల్లో, ఎక్కడ దొరికిందో రాసి పెట్టుకోండి.

డ్రమ్ము దగ్గరివి బియ్యపు చిలుకలని నా అంచనా. శాస్త్రీయ నామం కార్సైరా సెఫలోనికా. వాలి ఉన్నప్పుడు సెంటీమీటరు పైచిలుకు పొడవు, బూడిద కలిసిన లేత గోధుమ రంగు. రెక్కల మీద చెప్పుకోదగ్గ మచ్చ గానీ పట్టీ గానీ ఉండదు. ఈనెలు మాత్రం కాస్త ముదురుగా కనిపిస్తాయి. ఆడదాని మూతి ముందు రెండు కొనలు ముక్కులా తిన్నగా పొడుచుకుని ఉంటాయి, ఫోటో పెద్దది చేస్తే తెలుస్తుంది. దీని పిల్ల పురుగు మీగడ రంగులో, గోధుమ రంగు తలతో ఉంటుంది. నోటి నుంచి పట్టుదారం తీసి బియ్యపు గింజల్ని, నూకల్ని, తన రెట్టని కలిపి అతికించి సొరంగం కడుతుంది. ఆ ఉండను విప్పబోతే గింజలు విడిపడవు, దారం సాగుతుంది. అంత గట్టిగా నేసేది మన వంటిళ్లలో ఇదే. గూడు కూడా చాలావరకు ఆ ఉండల మధ్యే కడుతుంది. బియ్యం, నూకలు, రవ్వ, జొన్నలు, సజ్జలు, రాగులు, నువ్వులు, పల్లీలు, అన్నీ తింటుంది. మీ రవ్వలోదీ ఇదే కావచ్చు.

ఈ పురుగును పనిగట్టుకుని పెంచేవాళ్లు కూడా ఉన్నారు. వరి, చెరకు పొలాల్లో కాండం తొలిచే పురుగుల మీదికి వదిలే ట్రైకోగ్రామా అనే పరాన్నజీవి (పురుగుల గుడ్లలో తన గుడ్లు పెట్టే చిన్న కందిరీగ) కార్డుల కోసం ల్యాబుల్లో జొన్న, సజ్జ నూకలు పోసి బియ్యపు చిలుకను పెంచి, దాని గుడ్లను అట్టల మీద అతికిస్తారు. అక్కడ పనిచేసేవాళ్లకు ముక్కుకు గుడ్డ తప్పనిసరి, రెక్కల పొడి కొందరికి పడదు, తుమ్ములు, ఆయాసం వస్తాయి. డ్రమ్ము శుభ్రం చేసే రోజు మీరూ మాస్కు పెట్టుకోండి.

బాదం, కిస్మిస్ డబ్బాలోది ఇండియన్ మీల్ మాత్ (మాత్ అంటే చిలుక పురుగు) అయ్యే అవకాశం ఎక్కువ. ప్లోడియా అంటారు. ఇది కొంచెం చిన్నది, వాలినప్పుడు 8 నుంచి 10 మిల్లీమీటర్లు. గుర్తుపట్టడం తేలిక, ఎందుకంటే రెక్క రెండు రంగులుగా ఉంటుంది. తల వైపు మూడో వంతు పాలిపోయిన బూడిద రంగు, మిగతా రెండొంతులు రాగి రంగు, మధ్యలో ముదురు గీత. పిల్ల పురుగులు బాగా ఎదిగాక తిండి వదిలేసి దూరాలు పోతాయి. గోడలెక్కి, సీలింగ్ మూలల్లో, కర్టెన్ రాడ్ల చివర్లలో, క్యాలెండర్ వెనక, అరల మేకు సందుల్లో గూడు కట్టుకుంటాయి. మీ సీలింగ్ మీద పాకేవి ఇవే అనుకుంటున్నాను.

రెండు రంగులు కనిపించకుండా రెక్కంతా బూడిద రంగై, అడ్డంగా మసక చారలుంటే అది ఆల్మండ్ మాత్, దానికీ ఎండు పళ్లంటే ప్రాణం. పిల్ల పురుగుల్లో తేడా కావాలంటే భూతద్దంతో వీపు చూడండి. ఆల్మండ్ మాత్ పిల్లకు రోమం మొలిచిన ప్రతిచోటా చిన్న నల్లచుక్క ఉంటుంది, ప్లోడియాకు ఉండదు. మీ పనికి మాత్రం ఈ రెండింటి మధ్య తేడా పట్టించుకోనక్కర్లేదు, చేయాల్సింది ఒకటే.

ట్రాప్ ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు చెబుతాను. బజారులో దొరికే ప్యాంట్రీ మాత్ ట్రాపుల్లో పెట్టే వాసన మందు ప్లోడియా, ఆల్మండ్ మాత్, వాటి దగ్గరి చుట్టాల ఆడ పురుగు వాసనకు నకలు. ఆ జాతుల మగవే దానికి వస్తాయి. బియ్యపు చిలుక వాసనలు వేరు, కాబట్టి దాని వైపు తలెత్తి కూడా చూడదు. మీరు డ్రమ్ము పక్కన పెట్టి మూడు వారాలు చూశారు, ఏమీ పడలేదు. ట్రాప్ పాడైందని కాదు, డ్రమ్ములోది ప్లోడియా కాదన్నమాటకు బలం. వాసన బిళ్ల ఇంకా గడువులో ఉంటే అదే ట్రాప్‌ను డ్రై ఫ్రూట్స్ అర దగ్గరికి మార్చండి. వారంలో నాలుగైదు పడితే రెండో రకం సంగతి తేలిపోతుంది. అయితే ట్రాప్‌తో పురుగు పోతుందని మాత్రం అనుకోవద్దు. పడేవి మగవి, గుడ్లు పెట్టేవి ఆడవి. అది ఉందో లేదో చెప్పే కొలత మాత్రమే.

బాత్‌రూం గోడ మీది చప్పటి గూడును ఒకటి తీసి చూడండి. సెంటీమీటరు పొడవు, మధ్యలో వెడల్పు, రెండు కొసలా సన్నం, రెండు వైపులా తెరిచే ఉంటుంది. లోపలి పురుగు ఏ వైపు నుంచైనా తల పెట్టి గూటితో సహా పాకుతుంది. ఇదీ చిన్న మాత్ పిల్లే, కానీ దాని తిండి పాత సాలెగూళ్లు, రాలిన వెంట్రుకలు, చచ్చిన పురుగులు, ఉన్ని. తేమ గోడలంటే దానికి ఇష్టం. బియ్యానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. చీపురుతో దులిపి, సాలెగూళ్లు తీసేస్తే చాలు. సింకు, మోరీ దగ్గర బొచ్చు రెక్కలతో కనిపించే మరీ చిన్న నల్ల ఈగలుంటే అవి మోరీ ఈగలు, బియ్యం లెక్కలోకి రావు.

ఇక మీ ఇంట్లో అసలు గొడవ. ఆ బియ్యంతోనే వచ్చిందా?

విజయవాడ వేడికి బియ్యపు చిలుక గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆడది వంద, నూటయాభై గుడ్లు పెడుతుంది. ఉగాది ముందు వచ్చిన బస్తాలో నాలుగు గుడ్లు ఉన్నాయనుకోండి. మే నెలకు ఒకటో రెండో ఎగురుతాయి, ఎవరూ చూడరు. జూన్‌లో కొన్ని. జులైకి ఇంటి నిండా. లెక్క సరిపోయింది. కానీ జూన్ మొదట్లో కొన్న రవ్వ ప్యాకెట్లో ముందే పిల్లలున్నా జులై మధ్యకు సరిగ్గా ఇలాగే కనిపిస్తాయి. తేదీలను బట్టి తీర్పు చెప్పలేం. డ్రమ్ములో పైన మాత్రమే ఉండలు కట్టడం కూడా సాక్ష్యం కాదు, బయటి నుంచి వచ్చిన పురుగైనా, లోపల పుట్టిందైనా పైపొరల్లోనే ఎక్కువ తిరుగుతుంది.

మీకున్న అసలు సాక్షి అటక మీది కుట్టు విప్పని బస్తా. దాన్ని వంటింట్లో విప్పొద్దు. బాల్కనీలోకో మేడ మీదికో తీసుకెళ్లి పాత దుప్పటి పరిచి విప్పండి. ముందు బస్తా పైభాగం చూడండి. బయట కుట్టు దగ్గర, సంచి నేత మడతల్లో తెల్ల గూళ్లుండి లోపల బియ్యం నడుమ శుభ్రంగా ఉంటే పురుగు మీ ఇంట్లోంచి బస్తా మీదికి పోయింది. బస్తా మధ్యలో, అడుగున కూడా దారపు ఉండలుంటే చాలావరకు ఊరి నుంచే వచ్చింది. రెండూ కనిపిస్తే ఎవరూ గెలవలేదనుకోండి.

ఒకవేళ ఊరి నుంచే వచ్చినా అత్తగారి శుభ్రతకు వంక పెట్టే పని లేదు. సాధారణంగా తప్పు సంచిది. మిల్లుల్లో, ఇళ్లలో బస్తాలు మళ్లీ మళ్లీ వాడతారు. పోయిన ఏడాది గూళ్లు, గుడ్లు ఆ కుట్ల మడతల్లో అలాగే ఉంటాయి, తవుడు దుమ్ము కూడా అక్కడే పేరుకుంటుంది. పైగా సింగిల్ పాలిష్ బియ్యానికి తవుడు పొర మిగిలి ఉంటుంది కాబట్టి దాని మీద ఈ పురుగు బాగా పెరుగుతుంది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో పెరుగుదల మందం. ‘మా ఇంట్లో ఏనాడూ లేదు’ అనడం కూడా అబద్ధం కానక్కర్లేదు. ఊళ్లో నిల్వ ఉండేది ఎక్కువగా వడ్లు. వడ్లకు పట్టేది వడ్ల చిలుక, అది వేరే పురుగు. గడ్డి రంగులో, ఇంకా చిన్నగా, రెక్క అంచుకు పొడవాటి కుచ్చుతో ఉంటుంది. దాని పిల్ల గింజ లోపలే ఉండి తిని, గుండ్రటి చిల్లు పెట్టి బయటికొస్తుంది. దారాలు కట్టదు కాబట్టి చాలామంది కంట పడదు. గాదెలో దాన్ని చూసినవాళ్లు మీ డ్రమ్ములోని దారాల బూజును చూసి తెల్లబోవడం సహజం.

మీ దగ్గరున్నది సుమారు 37 కిలోలు. మీ వాడకం చూస్తే నెలకు 13 కిలోల లెక్కన దాదాపు మూడు నెలల బియ్యం. దారుల్లో మొదటిది, మొత్తం వదిలించుకోవడం. పురుగు ఒక్కసారిగా తగ్గుతుంది. కానీ అటక మీది బస్తా శుభ్రంగా ఉంటే అది అనవసరపు దండగ, పైగా అత్తగారి మనసు కష్టపెట్టిన వాళ్లవుతారు. కోళ్లకో పశువులకో ఇచ్చేస్తే అదే రోజు ఇల్లు దాటించండి. వరండాలో రెండు రోజులు ఉంచితే పురుగులు మళ్లీ కిటికీలోంచి లోపలికే వస్తాయి. బూజు, ముక్క వాసన పట్టిన బియ్యమైతే పశువులకూ వద్దు.

రెండోది, వడపోసి వాడుకోవడం. డ్రమ్ములో పైన ఉండలు కట్టిన పొరను, దాని కింద నాలుగు వేళ్ల మందం బియ్యాన్ని తీసి పారేయండి. మిగతాది చాటలో చెరిగి, జల్లెడ పట్టండి. పిల్ల పురుగులు, నూక, తవుడు పోతాయి. గుడ్లు మాత్రం అన్నీ పోవు, గింజకు అంటుకుని ఉంటాయి. కాబట్టి ఈ బియ్యాన్ని మూడు నాలుగు వారాల్లో వండుకునేంతే ఉంచుకోవాలి. గుడ్డు పొదిగి పురుగు పెద్దదయ్యేలోపు డ్రమ్ము ఖాళీ అయితే గొలుసు తెగుతుంది. కడిగేటప్పుడు రెండు మూడు సార్లు నీళ్లు వంచితే మిగిలినవి తేలి పోతాయి.

మూడోది ఫ్రీజర్. 2 కిలోల కవర్లలో కట్టి, మైనస్ 18 డిగ్రీల దగ్గర వారం ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. నాలుగు రోజులు చాలంటారు గానీ, బియ్యం మధ్యకు చలి చేరడానికే చాలా సమయం పడుతుంది. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి. గది వేడికి వచ్చేదాకా అలాగే ఉంచకపోతే గాలిలోని తేమ బియ్యం మీద పట్టి బూజు వస్తుంది. చిక్కు ఏమిటంటే, ఇంటి ఫ్రీజర్లో విడతకు నాలుగైదు కిలోలకు మించి పట్టవు. 37 కిలోలకు ఎనిమిది వారాలు. ఆ ఎనిమిది వారాల్లో డ్రమ్ములో ఇంకో తరం పుట్టేస్తుంది. కాబట్టి ఫ్రీజర్ పద్ధతిని శుభ్రంగా తేలిన అటక బస్తాకు ముందు జాగ్రత్తగా వాడుకోవచ్చు, లేదా రవ్వ, మైదా, బాదం లాంటి చిన్న మోతాదులకు. ఎండలో పోయడం మన పాత అలవాటు. రవ్వకు, పప్పులకు మంచిదే. బియ్యాన్ని మటుకు మండుటెండలో పోస్తే గింజ చిట్లి అన్నం నూకలవుతుంది. ఆగస్టు మబ్బుల్లో ఆ ఎండ దొరకడమూ కష్టం.

నా మటుకు నేనైతే రెండోదాన్నే ఎక్కువగా వాడి, అటక బస్తా శుభ్రంగా ఉంటే సగం దగ్గరివాళ్లకు ఇచ్చేసి, మిగతాది బాగా ఆరిన ప్లాస్టిక్ నీళ్ల సీసాల్లోనో, రబ్బరు రింగున్న డబ్బాల్లోనో అంచు దాకా నింపి మూత బిగిస్తాను. ఒకే పెద్ద డ్రమ్ము కన్నా ఐదారు చిన్న డబ్బాలు నయం, ఒకదాంట్లో పట్టినా మిగతావి బతుకుతాయి. పలుచని ప్లాస్టిక్ కవర్లు మాత్రం ఈ పురుగులకు అడ్డే కాదు, కొరికేస్తాయి.

రవ్వ ప్యాకెట్, బాదం, కిస్మిస్ డబ్బాలోది నిర్మొహమాటంగా పారేయండి. దారాలు, రెట్ట కలిసిన రవ్వను జల్లించి వాడుకోవాలని చూడొద్దు, ఆ చెడు వాసన, రుచి పోవు. పారేసే ముందు కవరులో కట్టి మూతి బిగించి, అదే పూట చెత్త బండికి వేయండి. కొత్తగా కొన్న రవ్వను సన్న సెగ మీద వేడి చేతికి తగిలేదాకా వేయించి, చల్లార్చి డబ్బాలో పోయడం మీకు తెలిసిందే. పురుగు విషయంలో కూడా అది మంచి మందు. బాదం, జీడిపప్పు, కిస్మిస్ ఫ్రిజ్‌లో ఉంచుకుంటే ఈ ఊళ్లో ఇక ఆ తలనొప్పి ఉండదు.

శుభ్రం చేసేటప్పుడు క్రమం ముఖ్యం. ముందు అరలన్నీ ఖాళీ చేసి, ప్రతి డబ్బానూ విప్పి చూడండి. పిల్లలు మర్చిపోయిన బిస్కెట్ ప్యాకెట్, పక్షులకు వేసే గింజలు, అరలో వెనక పడి ఉన్న పాత రాగి పిండి, ఎండుమిర్చి, నువ్వులు, పల్లీలు కూడా. ఒక్క మూలలో వదిలేసిన కప్పు నువ్వులు చాలు, పడ్డ కష్టమంతా వృథా. అరల్లో పరిచిన పాత న్యూస్‌పేపర్లు తీసేయండి, వాటి మడతల్లో గూళ్లుంటాయి. మూతల లోపలి మరల మీద, రబ్బరు రింగు కింద వేలితో తడిమి చూడండి, ప్లోడియాకు ఇష్టమైన చోటు అదే. మేకు రంధ్రాలు, అర కింది వైపు, డ్రాయర్ వెనక, తలుపు బందులు, సీలింగ్ మూలలు, గడియారం వెనక, కర్టెన్ రాడ్ల చివరలు అన్నీ బ్రష్‌తో గీకండి. వాక్యూం క్లీనర్ ఉంటే సన్న గొట్టం పెట్టి లాగి, సంచీ వెంటనే బయట పారేయండి. తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరాకే డబ్బాలు మళ్లీ సర్దండి.

ఇంత చేశాక కూడా రెండు మూడు వారాల పాటు ఒకటీ అరా పురుగులు ఎగురుతాయి. గాభరా పడొద్దు. అవి అప్పటికే గోడ మూలల్లో గూట్లో ఉన్నవి. కనిపించిన వెంటనే చంపేయండి, అన్నం మీద మూతలు మర్చిపోకండి. ఆరు వారాలు వరసగా ఏమీ కనిపించకపోతే పోయినట్టు. నాలుగో వారం తర్వాత హఠాత్తుగా పెరిగితే ఇంట్లో ఎక్కడో ఇంకో తిండి మిగిలి ఉన్నట్టు.

పక్క ఫ్లాట్ ఆవిడ చెప్పిన బిళ్లల సంగతి ఖచ్చితంగా చెబుతున్నాను, వద్దు. బస్తాల్లో పెట్టే ఆ బిళ్లలు అల్యూమినియం ఫాస్ఫైడ్. తేమ తగలగానే ఫాస్ఫీన్ వాయువు వదులుతాయి. అది పురుగునే కాదు, మనిషినీ చంపుతుంది. ఇళ్లలో ఈ బిళ్లలు పెట్టుకుని ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. గోదాముల్లో శిక్షణ పొందినవాళ్లు, గాలి బయటికి రాకుండా కప్పేసి, చాలా రోజుల తర్వాత విప్పే పని అది. ఫ్లాట్‌లో పడక గది పక్కన చేసేది కాదు. బోరిక్ పౌడర్ కలపడమూ అలాంటి అలవాటే, అది బొద్దింకల విషం, తినే బియ్యంలో కలిపే వస్తువు కాదు. నాఫ్తలిన్ ఉండలు డ్రమ్ము చుట్టూ పెడితే బియ్యమే ఆ వాసన లాక్కుంటుంది. వేపాకు, ఎండుమిర్చి, లవంగాలు పెట్టుకోవచ్చు, కాస్త దూరం ఉంచుతాయేమో గానీ లోపల పుట్టిన పురుగును చంపవు. వేపాకు పెడితే నీడన బాగా ఎండాలి, పచ్చి ఆకు తేమతో బియ్యం బూజు పడుతుంది. కందిపప్పుకు ఆముదం రాయడం మాత్రం నిజంగా పనిచేసే పద్ధతి, కానీ అది పప్పులో గుడ్డు పెట్టే పుచ్చు పురుగుకు, దీనికి కాదు.

పెస్ట్ కంట్రోల్ అబ్బాయికి ఇంకా మాట ఇవ్వకండి. గోడల మీద కొట్టే మందు ఎగిరేవాటిని చంపుతుంది, డబ్బాల్లో ఉన్నవాటికి అంటదు. అసలు మూలం డబ్బాల్లో ఉన్నప్పుడు నెల తిరక్కుండా మళ్లీ పిలవాల్సి వస్తుంది. బొద్దింకలకు పెట్టే జెల్‌ను ఈ పురుగులు ముట్టను కూడా ముట్టవు. అరల వెనక పగుళ్లలో తప్పదనుకుంటే, శుభ్రం చేశాక, తిండి పదార్థాలూ పాత్రలూ అన్నీ బయట పెట్టి, పగుళ్లకే కొట్టమనండి. ఏ మందు, ఎన్ని గంటలు లోపలికి రాకూడదు అన్నది రాసివ్వమనండి. రాసివ్వనంటే పంపించేయండి.

బాబు విషయం. ఉప్మాలో ఉడికిన పురుగు విషం కాదు. ఈ పురుగులు మనిషిని కుట్టవు, రోగాలు మోసుకు తిరగవు. ఒకసారి పొట్టలోకి పోతే భయపడాల్సింది లేదు. దారాలు, రెట్ట ఎక్కువగా కలిసిన పిండి పదే పదే తింటేనో, రెక్కల పొడి పీలుస్తూ ఉంటేనో కొందరికి అలర్జీ రావచ్చు. దద్దుర్లు, ఆయాసం, ఆగని వాంతులు ఉంటే డాక్టరుకు చూపించండి. లేకపోతే ఆ పేరు చెప్పి పిల్లవాడికి ఉప్మా మీద భయం పెట్టకండి.

అత్తగారితో మాట ఎలా కదపాలన్నది మీరు ఉత్తరంలో రెండుసార్లు అడిగారు. ఫోన్‌లో వాదించుకుని తేల్చుకుంటే ఎవరి మాట నెగ్గినా బంధం బీటలు వారుతుంది. కుట్టు విప్పే రోజు మీవారిని పక్కన ఉంచుకోండి, ఫోటోలు ఆయనే తీయాలి, ఏం కనిపించిందో ఆయనే వాళ్లమ్మకు చెప్పాలి. ఎటూ మాట్లాడని మనిషికి పని అప్పజెప్పడం ఒక మార్గం. ఇంకోటి, ఏమీ తేల్చకుండా వచ్చే పంట గురించి మాత్రమే మాట్లాడటం. ‘అత్తయ్యా, ఇక్కడ తేమ ఎక్కువ, బియ్యం త్వరగా పాడవుతోంది, నాలుగు బస్తాలు ఒక్కసారి వద్దు, రెండు నెలలకు ఒకటి మిల్లు పట్టించి పంపండి, వడ్లుగా మీ దగ్గరే ఉండనివ్వండి’ అని అడగండి. పాత వడ్లు పట్టించిన అన్నం పొడిపొడిగా బాగుంటుందని ఆవిడే ఒప్పుకుంటారు. కాకపోతే ఆవిడకు పని పెరుగుతుంది, ఊరెళ్లేవాళ్ల మీద ఆధారపడాలి, ప్రతిసారీ గుర్తు చేయాల్సి రావచ్చు.

బియ్యం పంపేటప్పుడు కొత్త సంచి వాడమనండి, లేదా పాతది తిరగేసి కుట్లు దులిపి, మరుగుతున్న నీళ్లలో ముంచి ఎండబెట్టమనండి. బస్తా చేరిన రోజే పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి తలా గుప్పెడు తీసి ఒక గాజు సీసాలో సగం దాకా పోసి మూత బిగించి, తేదీ రాసి పెట్టుకోండి. ఆరు వారాల తర్వాత ఆ సీసాలో దారాలు కనిపిస్తే పురుగు బస్తాతోనే వచ్చింది, కనిపించకపోతే మిగతా బియ్యానికి పట్టింది మీ అరల్లోంచి కావచ్చు.